సేద్యం చేసే స్త్రీల పేరు పాసుపుస్తకంలోకి వచ్చేదెలా?

ప్రశ్న (ఆమదాలవలస నుంచి):
2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో ప్రతి 1000 మంది పురుషులకు 1015 మంది స్త్రీలున్నారు. మగవారు చెన్నైకీ, హైదరాబాదుకీ వలస వెళ్తుంటే ఎన్నో ఇళ్లలో ఊడ్పుల నుంచి నూర్పుల దాకా ఆడవారే చూసుకుంటున్నారు. అయినా భూమి పట్టాదారు పాసుపుస్తకం భర్త పేరనో మామగారి పేరనో ఉండడంతో పంట రుణం వారి చేతికి రావడం లేదు. దీనికి మార్గమేమిటి?

జవాబు (విజయనగరం నుంచి):
అత్తింటి భూమి సంగతి అలా ఉంచితే, పుట్టింటి భూమిలో వాటాకు చట్టం ఎప్పుడో దారి చూపింది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమాన హక్కును మన రాష్ట్రం 1985లోనే ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు గాని, హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడాను తొలగించింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో ఆడపడుచులు తమ వాటాను వదులుకునే హక్కు విడుదల పత్రంపై సంతకం చేస్తున్నారు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

జవాబు (పలాస నుంచి):
భూమితో పాటు కూలి గురించీ మాట్లాడాలి. ఇక్కడి జీడి పరిశ్రమలో పిక్క కొట్టి, పొట్టు ఒలిచి, పప్పును రకాలుగా ఏరేవారిలో అత్యధికులు స్త్రీలే. జీడి రసానికి వారి చేతులు కాలుతాయి. 1976 నాటి సమాన వేతన చట్టం ఒకే రకమైన పనికే వర్తించేది కనుక, పనులనే ఆడా మగా అని విడదీసిన చోట అది అక్కరకు రాలేదు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. విడుదల పత్రం ఇంకా రాయని అక్కచెల్లెళ్లతో మా ఊళ్లో ముందుగా మాట్లాడతాను.