గ్రాంట్ ఫీల్డ్: ఎవరి పేరు?

ప్రశ్న: అమెరికాలో అయోవా యూనివర్సిటీలో హాకీ మ్యాచ్ చూశాం. మైదానం పేరు గ్రాంట్ ఫీల్డ్. ఎవరండీ ఈయన?

జవాబు: ఈయన కాదండీ, ఆవిడ! క్రిస్టీన్ గ్రాంట్. స్కాట్లాండ్‌లో పుట్టారు, హాకీ కోచ్. 1973 నుంచి 2000 దాకా అయోవా యూనివర్సిటీలో మహిళల క్రీడల డైరెక్టర్. బాస్కెట్‌బాల్ కోచ్‌గా వివియన్ స్ట్రింగర్‌ని 1983లో తెచ్చిందీ ఆవిడే. 1985 ఫిబ్రవరి 3న ఒహాయో స్టేట్ యూనివర్సిటీతో అమ్మాయిల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి 22,157 మంది వచ్చారు. స్టేడియంలో పట్టేది పదిహేను వేల చిల్లరే!

ఇంకొకరు: చదువులో, ఆటల్లో అమ్మాయిలకీ సమానంగా అవకాశాలివ్వాలనే టైటిల్ నైన్ చట్టం 1972లోనే వచ్చింది. కానీ కాలేజీలు ఊరికే డబ్బు తీస్తాయా? ఆవిడ అమెరికా కాంగ్రెస్ ముందుకెళ్లి మరీ చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగినావిడ: అయ్యో, ఈయన అనేశానే! మా కాలేజీలో అబ్బాయిలు ఆడి పడేసిన, కుట్లూడిన వాలీబాల్ మాకిచ్చేవాళ్లు. ఈసారి వెళ్తే ఆ బోర్డు దగ్గర ఫోటో దిగుతా.