సమస్య: ఎండమావి నీట కుండ నిండె

నిర్వాహకుడు: నిన్న ఫోన్లో మా అత్తయ్య "ఆ చిట్టీ డబ్బుకు నీళ్ళొదులుకున్నాం" అంది. ఆశ పోయిందని చెప్పాలంటే మనకు నీళ్ళే గతి కాబోలు. అడుగంటడం, ఆవిరైపోవడం, నీరుగారిపోవడం, అన్నీ అవే. అందుకే ఈ పాదం. "నిరాశ" అన్న మాట రాకుండా పై మూడు పాదాలు పూరించండి.

సీమబిడ్డ:
బోరు వేసి వేసి పుస్తెలు తాకట్టు
పెట్టి చూడ నేల పెదవి విరిచె
కట్టుకున్నదాని కంటిలో జల పడె
నెండమావి నీట కుండ నిండె

గణవిభజన: నేల పెదవి విరవడం బాగుంది. మిమ్మల్ని మెచ్చుకోవాల్సిన రోజు వస్తుందనుకోలేదు. కానీ "విరిచె" తర్వాత "కట్టు" ఏమిటండీ? విరిచెఁ గట్టు. "క"ను "గ"గా మార్చే సరళాదేశం కూడా బోరులో పడిందా? పైగా కన్నీరు నిజం నీరే కదా, ఎండమావి ఎలా అవుతుంది?

సీమబిడ్డ: "గట్టుకున్నదాని" అని దిద్దుకున్నాను. రెండోదానికి మాత్రం తగ్గను. అనంతపురంలో వెయ్యి అడుగులు దిగినా దుమ్మే లేచిన రోజు పొలం గట్టున నిలబడి చూడండి. ఎండమావిని నమ్మితే వచ్చిన నీళ్ళవి.

పానకంలోపుడక:
రోళ్ళు పగులునట్టి రోహిణి కార్తెలో
మనుమ డాడి వచ్చె మండుటెండ
చెమట పట్టి యవ్వ చేరగ నలసి గొం
తెండ, మావి నీట కుండ నిండె

సీమబిడ్డ: గొంతు ఎండ, మావి నీట! ఆ కామాకు నా ఓటు.

గణవిభజన: విరుపు సరే. పాదంలో ఉన్న దిగులంతా మామిడి రసంలో కలిపి తాగేశారు.

పానకంలోపుడక: పోయినసారి "గగనకుసుమం" ఇస్తే ఆ పువ్వును ఎయిర్‌హోస్టెస్ జడలో పెట్టిందెవరో? అప్పుడు లేని దిగులు ఇప్పుడెందుకు?

గణవిభజన: అందులో యతి తప్పలేదు.

పానకంలోపుడక: ఎండమావిలో నీళ్ళయినా తాగొచ్చని ఏనుగు లక్ష్మణకవి ఊరికే అన్నాడా!

గణవిభజన: ఆ పద్యం చివరి పాదం కూడా చెప్పండి. ఎవరిని రంజింపజేయలేమన్నాడో అందరూ వింటారు.

నిర్వాహకుడు: ఇద్దరూ కాస్త ఆగండి. పూరణలు అత్తయ్యకు చదివి వినిపించాను. సీమబిడ్డ గారి పద్యానికి ఏమీ మాట్లాడలేదు, మళ్ళీ చదవమంది. రెండోదానికి, "మావి" అనగానే ఈనిన గేదె వేసే మావే గుర్తొచ్చిందట. ఆ కుండ తాను ముట్టనంది.