"పొమ్మనుటే..." తర్వాత చావా, చాలా?

గోదారి గట్టు:
రెండ్రోజులుగా ఒక్క అక్షరం దగ్గర కొట్టుకుంటున్నాను. వేమన్న పద్యం: "చంపదగినయట్టి శత్రువు తన చేత చిక్కెనేని కీడు సేయరాదు, పొసగ మేలు చేసి పొమ్మనుటే..." ఆ తర్వాత చావా, చాలా? మా నాన్న చావు అనే చదివేవారు. మా తోటలో కొబ్బరికాయలు దింపుకుంటూ ఒకడు దొరికిపోతే, చెట్టుకి కట్టెయ్యమన్నవాళ్లని ఆపి, వాడు దింపిన కాయల్లోంచే రెండు వాడి తువ్వాల్లో మూటగట్టి పంపేశారు. తర్వాత అరుగు మీద కూచుని ఈ పద్యం ఎత్తుకున్నారు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. "చావు" దగ్గర ఆయన గొంతు లేవడం ఇంకా చెవిలో ఉంది. మొన్న మా అమ్మాయి పుస్తకంలో చూస్తే "చాలు". అచ్చుతప్పా, నాన్న తప్పా?

పంతులుగారి పిల్లాడు:
ఇద్దరిదీ తప్పు కాదండీ, రెండు పాఠాలూ ఎప్పట్నుంచో తిరుగుతున్నాయి. కానీ వేమన్న "చాలు" అని సరిపెట్టుకునే మనిషా? ఉప్పు లేని పప్పులా ఉంది. పిల్లల పుస్తకంలో చావెందుకని ఎవరో పంతులు దిద్ది ఉంటాడు. మా నాన్నగారూ పంతులే, ఆ జాతి బుద్ధి నాకు తెలుసు.

సూర్యగణం:
ఛందస్సుతో ఇది తేలదు. "టేచావు", "టేచాలు" రెండూ తగణమే (గురువు, గురువు, లఘువు). యతి పొసగ, పొమ్మను దగ్గరే తీరిపోయింది. అయితే అంతర్జాలం నిండా "పొమ్మనుటె" అని కురచ చేసి కొడుతున్నారు. అప్పుడది "టెచావు", జగణం. ఆటవెలది మూడో పాదంలో చివరి రెండూ ఇంద్రగణాలు కదా, ఇంద్రగణం కాని జగణం అక్కడ ఎలా కూచుంటుంది? ముందు ఆ దీర్ఘం బతికించండి, చావు సంగతి తర్వాత చూద్దాం.

పంతులుగారి పిల్లాడు:
మాష్టారికి ఇల్లు కాలుతుంటే వాసం కొలతలు కావాలి.

మద్రాసు మామ్మ:
నేను పుట్టిపెరిగింది మైలాపూరులో, ఈ మాట ముందు తమిళంలోనే విన్నాను. తిరుక్కురళ్ 314: కీడు చేసినవాణ్ణి దండించడమంటే, వాడు సిగ్గుపడేలా మేలు చేసి వదిలెయ్యడం. చివరి మాట "విడల్". అదే మన "పొమ్మను". సిగ్గుకి అక్కడ "నాణ" అని పేరు పెట్టి మరీ చెప్పాడు వళ్లువర్. సిగ్గుతో చచ్చాననే మాట మన నోట రోజూ వచ్చేదే. నా ఓటు చావుకి.

చీరాల చిన్నోడు:
మామ్మగారూ, బైబిల్లోనూ ఉందండి, రోమా పత్రిక 12:20. శత్రువు ఆకలిగొంటే భోజనం పెట్టు, అలా చేస్తే వాడి తలమీద నిప్పులు కుప్పగా పోసినట్టే అని. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకొక్కటే సందేహం: మేలు చెయ్యమంటున్నారా, కాల్చమంటున్నారా? అడిగితే టీచరమ్మ "కూర్చో నాయనా" అన్నారు.

నిదానం:
సందేహం సరైనదే. మేలు చేస్తూ లోపల "చావు వెధవా" అనుకుంటే క్షమ ఎలా అవుతుంది? అది వడ్డీతో తీర్చుకునే పగ. అందుకే నేను చాలు పక్షం. మేలు చేశావు, పొమ్మన్నావు, అయిపోయింది. వాడు సిగ్గుపడ్డాడా, మర్నాడు మళ్లీ వచ్చి గోడ దూకాడా, నీకనవసరం. వేమన్న "కీడు సేయరాదు" అన్నాడు, వెనక ఏ మెలికా లేదు.

మద్రాసు మామ్మ:
మెలిక లేకపోతే మూడో పాదం ఎందుకు నాయనా?

పోతన పొరుగు:
అందరూ ఒక గుమ్మం దాటి వచ్చేశారు. పోతన భాగవతం, ప్రథమ స్కంధం. ద్రౌపది కొడుకులు ఉపపాండవుల్ని నిద్రలో చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి ఈడ్చుకొస్తే, కడుపుకోతతో ఉన్న ద్రౌపది "నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతులెట్లాడెనో?" అంటుంది. చేతులాడటం! ఈ రోజుకీ మా ఇంట్లో "కోడిని కొయ్యడానికి నాకు చేతులాడవు" అంటారు. అంత మాటా అని, మళ్లీ వాణ్ణి వదిలెయ్యమంటుంది, కొడుకు కోసం వాళ్లమ్మ నాలా ఏడవకూడదని. భీముడికి ఒళ్లు మండి "వెఱ్ఱిది ద్రౌపది" అంటాడు. క్షమించినవాళ్లకి ఇంట్లో దొరికే బిరుదు అదే.

అసలు సంగతి ఆ తర్వాత. అర్జునుడు వాడి జుట్టు కోసి, తలలోని మణి తీసుకుని, శిబిరం దాటించి తరిమాడు. దానికి పోతన చెప్పిన న్యాయం: ధనం లాక్కోవడం, తల గొరగడం, ఇల్లు వెళ్లగొట్టడం, "గాని చంపఁదగిన కర్మంబు చేసినఁ జంపఁదగదు విప్రజాతిఁ బతికి". సంస్కృత మూలంలోనైతే అలాంటి బ్రాహ్మలకి అదే వధ అని స్పష్టంగా ఉంది. పొమ్మనడమే చావు! పైగా అదీ ఆటవెలదే, అక్కడా "చంపఁదగిన" ఉంది. వేమన్న చెవిలో పోతన మోగుతున్నాడు. ఇక చాలుకి చోటెక్కడ?

నిదానం:
అందంగా ఉంది గానీ అతకదు. అక్కడ గుండు కొట్టించి, మణి పీకి తరిమారు. ఇక్కడ మేలు చేసి పంపమన్నాడు. రెండూ ఒకటేనా? పైగా పోతన దగ్గర ప్రాణం దక్కింది విప్రుడు కాబట్టి. వేమన్న ఆ మాట తీసిపారేసి "శత్రువు" పెట్టాడు. ఎవడైనా సరే. ఆ మార్పు మీకు పట్టకపోతే ఎలా?

పోతన పొరుగు:
తీసిపారేశాడంటే, ఎదురుగా పెట్టుకున్నాడనేగా? ఒప్పేసుకున్నారు, సంతోషం. బాలఘాతకుణ్ణి వదిలిన తల్లి పక్కన మీ చాలు ఎలా ఆనుతుందో ఆలోచించుకోండి. ఆ ఘట్టం చదివి కళ్లు తుడుచుకోనివాడితో నాకు వాదన లేదు.

చీరాల చిన్నోడు:
మధ్యలో ఒక మాట. మేం రోజూ చేసే ప్రార్థనలో "మా ఋణములు క్షమించుము" అని ఉంది. ఋణమంటే అప్పే కదా, క్షమించడమంటే ఖాతా కొట్టెయ్యడం. నిదానం గారి చాలు అదే అనుకుంటా.

సూర్యగణం:
మరి "మన్నించు"? అది అసలు గౌరవించడం. మన్నన అందులోదే. తప్పు చేసినవాడికి మర్యాద చేసి పంపడం, రెండు కాయలు మూటగట్టినట్టు. ఈ పద్యానికి క్షమ కన్నా ఆ మాటే దగ్గర. "క్షమాపణలు చెప్పడం" మీద నాకున్న కోపం వేరే దారంలో వెళ్లగక్కుతాను.

గోదారి గట్టు:
ఇంతమంది ఇన్ని చెప్పాక నాకు తెలిసింది కూడా చెప్పేస్తాను. ఆ కాయల మనిషి ఆ తర్వాత మా వీధిలోకి రాలేదు. సంతకి వెళ్లాలన్నా చెరువు చుట్టూ తిరిగి పోయేవాడు. ఆరు నెలలు చూసి నాన్నే వాళ్లింటికెళ్లి, మా తోటలో దింపు నువ్వే తియ్యి, కూలిస్తాను అన్నారు. రానన్నాడు. నాన్న తిరిగొచ్చి ఆ పూట అన్నం తినలేదు. ఆ పద్యం మళ్లీ ఆయన నోట నేను వినలేదు.

పంతులుగారి పిల్లాడు:
ఇది ముందే చెప్పాలి కదండీ!

నిదానం:
అందుకే చాలు అన్నాను.

పోతన పొరుగు:
అందుకే చావు అన్నాను.

సూర్యగణం:
ఇందాకట్నుంచి ఎవరూ అడగలేదు గానీ, రెండో పాదం "సేయరాదు"నా, "చేయరాదు"నా? "చిక్కె"కి రెండింటితోనూ యతి కుదురుతుంది.