విక్కర్స్ (గట్టితనం) రీడింగ్ పెరగాల్సింది పోయి పడిపోతోంది, ఎవరైనా చెప్పండి

ఎండో పీజీ: పొద్దున్నుంచి ల్యాబ్‌లోనే ఉన్నా, బుర్ర పనిచేయడం మానేసింది. పంటి ఎనామెల్ శాంపిల్స్‌కి మైక్రోహార్డ్‌నెస్ చేస్తున్నా, అంటే చిన్న వజ్రపు మొనతో గుచ్చి, పడిన గుంట సైజుని బట్టి గట్టితనం కొలవడం. మొదట 310-330 మధ్య వచ్చాయి. డీమినరలైజ్ చేశాక, అంటే ఖనిజం కొంత తీసేశాక, 180-200కి దిగాయి, అదీ అనుకున్నదే. మెటీరియల్ పెట్టాక పెరగాలి కదా? కొన్నిచోట్ల 50, 60 వస్తోంది! దాని పక్కనే, అదే పన్ను మీద, 215. ఆపరేటర్ గారేమో స్టీల్ బ్లాక్ పెట్టి చూపించి, మెషిన్ బాగానే ఉంది, మీ పళ్ళే బాగాలేవు అంటున్నారు. రేపు గైడ్ సర్‌కి టేబుల్ చూపించాలి. ఏం చేయాలో తోచట్లేదు.

మెటలర్జీ మాస్టారు: లోడ్ ఎంత? మొనని ఎంత బరువుతో నొక్కుతున్నావు?

పాత సిలబస్: అదంతా తర్వాత. ముందు ఆ పళ్ళు ఎక్కడివో, దేంట్లో ఉంచావో చెప్పమ్మా. ఈ మధ్య పిల్లలు పీకిన పన్ను కనిపిస్తే చాలు, ఏ సీసా దొరికితే ఆ సీసాలో పడేస్తున్నారు. ఫార్మలిన్ అయితే నిలవుండగా ఫార్మిక్ ఆసిడ్ తయారవుతుంది, నీ ప్రయోగం కంటే ముందే ఎనామెల్‌ని అది తింటుంది. 0.1 శాతం థైమాల్ గానీ 0.5 శాతం క్లోరమిన్-టీ గానీ వాడాలి. అసలు పేషెంట్ సమ్మతి తీసుకున్నావా? ఇంకో మాట, అమాల్గమ్ ఉన్న పన్ను ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరవుతుంది. మా కాలేజీలో ఎన్నిసార్లు చెప్పినా వినే నాథుడు లేడు.

పీడో అక్క: సర్, ఆ అమ్మాయి అడిగింది ఒకటి, మీరు చెప్తున్నది ఒకటి. తల్లీ, "మెటీరియల్" అంటే ఏంటి? సీపీపీ-ఏసీపీ క్రీమా (పాల ప్రోటీన్‌తో కాల్షియం, ఫాస్ఫేట్ ఇచ్చేది), ఫ్లోరైడ్ వార్నిషా, ఎస్‌డీఎఫా (సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్)?

ఎండో పీజీ: వార్నిషే అక్కా, మామూలుగా వాడేదే, 5 శాతం సోడియం ఫ్లోరైడ్. లోడ్ 100 గ్రాములు, 15 సెకన్లు. పళ్ళు ఆర్థో (పళ్ళ వరస సరిచేయడం) కోసం తీసిన ప్రీమోలార్లు, థైమాల్‌లోనే ఉంచాం సర్, ఎథిక్స్ అనుమతి కూడా ఉంది. అక్రిలిక్‌లో బిగించి, 1200 గ్రిట్ దాకా పాలిష్ చేశాం.

మెటలర్జీ మాస్టారు: 100 గ్రాములకి 320 అంటే గుంట డయాగొనల్ 24 మైక్రాన్లు. 55 అంటే 58 మైక్రాన్లు. రెట్టింపు కంటే ఎక్కువ. లోతు డయాగొనల్‌లో ఏడో వంతు, అంటే ఎనిమిది మైక్రాన్ల పైమాట. ఎనామెల్ అంత మెత్తగా ఉండదు. నువ్వు గుచ్చుతున్నది ఎనామెల్‌ని కాదు, దాని మీదున్న దేన్నో. గుంట అంచులు పదునుగా కనిపిస్తున్నాయా, అలుక్కుపోయినట్టున్నాయా?

ఎండో పీజీ: 50, 60 వచ్చినచోట అలుక్కుపోయినట్టే ఉన్నాయి సర్. చుట్టూ పసుప్పచ్చగా కూడా ఉంది. లైటింగ్ వల్ల అనుకున్నా.

పీడో అక్క: వార్నిష్ తీశావా?

ఎండో పీజీ: కడిగాను కదా అక్కా, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగాను.

పీడో అక్క: నీళ్ళకి పోదమ్మా. అందులో ఉండేది కొలోఫొనీ రెజిన్, అంటే పైన్ చెట్టు జిగురు. లాలాజలంలో కూడా గంటలకొద్దీ పంటిని పట్టుకుని ఉండటానికే అది వేస్తారు. ముందు 15 నంబర్ బ్లేడుతో ఎనామెల్ గీసుకుపోకుండా పైపైన లేపు, తర్వాత అసిటోన్‌లో తడిపిన దూదితో మెల్లగా తుడువు, ఆపైన నీళ్ళతో కడుగు. కంట్రోల్ శాంపిల్స్‌ని (వార్నిష్ వేయని వాటిని) కూడా అలాగే తుడవాలి, మర్చిపోకు. లేకపోతే రేపు వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పట్టుకునేది అక్కడే.

బయోకెమ్ బావ: అసిటోన్ పెడితే వార్నిష్ వల్ల ఎనామెల్ మీద ఏర్పడిన కాల్షియం ఫ్లోరైడ్ పొర కూడా పోతుందిగా? ఇక టెస్ట్ చేయడానికి మిగిలేది ఏముంది?

పీడో అక్క: కాల్షియం ఫ్లోరైడ్ అసిటోన్‌లో కరగదు. దాన్ని తీయాలంటే 1 మోలార్ కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్)లో 24 గంటలు పెడతారు, కేఓహెచ్‌లో కరిగే ఫ్లోరైడ్ అని కొలిచేది దాన్నే. గట్టిగా రుద్దితే కొంత రాలొచ్చు, అందుకే మెల్లగా అన్నాను.

బయోకెమ్ బావ: సరే. కానీ థీసిస్ టైటిల్లో "రీమినరలైజేషన్" (పోయిన ఖనిజం తిరిగి చేరడం) అని ఉంటే మాత్రం నేనొప్పుకోను. విక్కర్స్ పెరిగితే పైపొర గట్టిపడిందని తెలుస్తుంది, అంతే. లోపల ఖనిజం చేరిందో లేదో చూడాలంటే పన్ను కోసి క్రాస్ సెక్షన్‌లో హార్డ్‌నెస్ తీయాలి, లేదా మైక్రోరేడియోగ్రఫీ (ఎక్స్‌రేతో ఖనిజం కొలవడం) చేయాలి.

పీడో అక్క: పీజీ పిల్లలకి మైక్రోరేడియోగ్రఫీ ఎక్కడ దొరుకుతుంది బావగారూ? అందరూ సర్ఫేస్ హార్డ్‌నెస్ రికవరీ శాతమే రాస్తున్నారు: చికిత్స తర్వాత రీడింగ్‌లోంచి డీమిన్ రీడింగ్ తీసేసి, దాన్ని మొదటి రీడింగ్‌కీ డీమిన్‌కీ ఉన్న తేడాతో భాగించి నూటితో గుణించడం.

బయోకెమ్ బావ: అదే అంటున్నా, రికవరీ అనే రాయమనండి. అందరూ రాస్తున్నారంటే అది రీమినరలైజేషన్ అయిపోదు.

పాత సిలబస్: మా రోజుల్లో ఈ మెషిన్లే లేవు. ఇంతకీ, పీకిన పళ్ళు ప్రయోగం అయ్యాక ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో వేస్తున్నారా లేదా, ఎవరూ చెప్పరేం?

మెటలర్జీ మాస్టారు: అసిటోన్ అక్రిలిక్ మీద పడనివ్వకు. మెత్తబడుతుంది, పన్ను కదిలి తలం వంకరైతే గుంట ఒక పక్కకి సాగుతుంది. పాత గుంటలకి కనీసం మూడు డయాగొనల్స్ ఎడంగా కొత్తవి వెయ్యి.

ఎండో పీజీ: ఒక పన్ను తుడిచి చూశా. 240, 236, 251. పసుపు పోయింది. థాంక్సండీ అందరికీ, ల్యాబ్ మూసేస్తున్నారు, మిగతావి రేపు.

ప్రోస్థో తమ్ముడు: అక్కా, మాస్టారూ, ఎలాగూ ఉన్నారు కదా, నాదీ ఒకటి. గ్లాస్ అయానమర్ (పన్నులో నింపే సిమెంట్) సిలిండర్లు, 4 మిల్లీమీటర్ల వ్యాసం, 6 ఎత్తు. ఐఎస్ఓ ప్రకారం కంప్రెసివ్ స్ట్రెంత్ (నొక్కితే తట్టుకునే బలం) 100 మెగాపాస్కల్స్ దాటాలి, నాకు 60 దగ్గరే పగిలిపోతున్నాయి. పౌడర్, లిక్విడ్ కంపెనీ చెప్పినట్టే కలిపాం. మెటీరియల్ నకిలీదా?

పాత సిలబస్: చేత్తో కలిపావా, క్యాప్సూలా? చేత్తో అయితే గాలి బుడగలు.

మెటలర్జీ మాస్టారు: రెండు చివరలూ సమానంగా రుద్దావా?