సమస్య: “మబ్బు కాలిపోయెను నేల మంట సోకి”

నిర్వాహకుడు: పాదం ఇదే. శేషాచలం అడవి మంటల మీద రాయకండి, ఆ పొగ వేసవిలో చూస్తూనే ఉన్నాం. మబ్బంటే ఇక్కడ క్లౌడే, మన ఫైళ్లను ఇంటర్నెట్ ద్వారా దాచుకునే ఎవరివో కంప్యూటర్లు. కంప్యూటర్ ముట్టని పెద్దాయనకు చదివి వినిపిస్తే సంగతి తలకెక్కాలి.

స్వర్ణముఖి:
ఆకసమ్మున లేదది, యద్దెకొంప;
బీరువాల వరుస నున్న పెట్టె లవియె;
కాపి యొక్కటె, రెండవ గదియు లేక
మబ్బు కాలిపోయెను నేల మంట సోకి.

కిట్టించిన కథ కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్బర్గ్‌లో ఒక డేటా సెంటర్ (ఆ కంప్యూటర్లను, అంటే సర్వర్లను, వరుసగా పేర్చి ఉంచే చోటు) భవనం మొత్తం తగలబడింది.

మంగాపురం: “అద్దెకొంప” భలే పడింది, నాలుగు పేరాల వ్యాసం మిగిలింది. చిక్కంతా “గది” దగ్గరే. ఆ రోజు పక్క భవనంలో కూడా 12 గదుల్లో 4 పోయాయి. నకలు పక్క గదిలో దాచుకున్నవాడికి రెండూ బూడిదే. “కాపి యొక్కటె, దూరాన గలుగ దొకటి” అనండి. క్లౌడ్‌ను అద్దెకిచ్చే అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి కేంద్రాలున్నాయి. అసలు అక్కడ, నకలు ఇక్కడ పెట్టుకోవచ్చు. అయితే దానంతటది జరగదు సామీ, మనమే అడిగి పెట్టించుకోవాలి, దానికి వేరే అద్దె.

తోతాపురి:
చేతి ఫోనున చెరిపిన చిత్ర మెల్ల
పైన నున్నది కూడను పాడె యెక్కె;
నకలు కాదది, యద్దమే, నమ్మినంత
మబ్బు కాలిపోయెను నేల మంట సోకి.

నేల మంట అంటే మన బొటనవేలే.

స్వర్ణముఖి: “అద్దమే” దగ్గర ఆగిపోయాను. సింక్‌కూ (ఇక్కడ చేసిన మార్పే అక్కడా జరగడం) బ్యాకప్‌కూ (విడిగా దాచిన నకలు) తేడా ఇంతకంటే పొట్టిగా చెప్పలేం.

అలిపిరి: మెచ్చుకోళ్లు కాస్త ఆపండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన బొమ్మను చెరిపితే 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. పాడె ఎక్కించేశారు గానీ శ్మశానానికి ఇంకా రెండు నెలల దారి. ఫోన్లో చోటు చాలనివాళ్లు నొక్కాల్సింది డిలీట్ కాదు, “ఫ్రీ అప్ స్పేస్”. అది బ్యాకప్ అయినవాటినే, అవీ ఫోన్లోంచి మాత్రమే తీసేస్తుంది. ఇక నాది:

కొండ కింద లగేజిచ్చి కొండ మీద
తీసికొను రీతి ఫైళ్ళను దించు మనుచు;
సరుకు మోసేది తీగలే; సర్వర్ల యింట
మబ్బు కాలిపోయెను నేల మంట సోకి.

తోతాపురి: “సర్వర్ల” వెనక “ర్ల” నిలబడి “ర్వ”ను గురువు చేసింది. అలిపిరి కౌంటర్లో బరువు తూచకుండానే పంపేశారా? “సర్వరింట” అంటే సరిపోయేది. పోలిక కూడా కుంటిదే. బ్యాగు అప్పగిస్తే మన చేతిలో ఉండదు. అప్‌లోడ్ చేసిన ఫైలు ఫోన్లోనూ ఉంటుంది, అక్కడా ఉంటుంది. రసీదును పాస్‌వర్డ్‌తో పోల్చి ఉంటే నోరు మూసుకునేవాణ్ణి.

అలిపిరి: గణం తప్పింది, ఒప్పుకున్నా. కుంటి పోలికల మాట మీరా ఎత్తేది? పోయిన నెల “గరుడసేవకు వచ్చెను కదలి బస్సు” అని ఆటోస్కేలింగ్ మీద రాశారు. జనం పెరిగితే సర్వర్లు పెరుగుతాయి, సరే. బస్సులను వెనక్కి పంపే మాటేది? రద్దీ తగ్గాక మెషిన్లు తగ్గేలా ముందే హద్దు పెట్టకపోతే గంటల లెక్కన బిల్లు నడుస్తూనే ఉంటుంది. మెషిన్ ఆపేసి ఊరుకున్నా చాలదు, దాని డిస్కు అద్దె ఆగదు. తీసేయాల్సిందే.

మంగాపురం: అది నిజం. అప్పుడు యతి చూసి చప్పట్లు కొట్టాం, బిల్లు చూడలేదు.

తోతాపురి: సరే, ఇదిగో: “గరుడసేవయు ముగిసెను; కదలు బస్సు”. ఖాళీ బండి పంపించేశాను. మీ “సర్వర్ల” మాత్రం ఇంకా పైనే ఉంది, దించండి.