కీవ్ 'సైబర్నెటిక్స్', మన 'గణనశాస్త్రం' ఒకటేనా?

ప్రశ్న: కీవ్‌లో కంప్యూటర్లు తయారుచేసిన సంస్థ పేరు సైబర్నెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ అని చదివాను. ఈ మాటను తెలుగులో 'గణనశాస్త్రం' అనవచ్చా?

జవాబు: అంటే అసలు అర్థం పోతుందండీ. 1947లో ఈ పేరు ఎంచుకున్నది అమెరికా గణితవేత్త నార్బర్ట్ వీనర్. గ్రీకు మూలానికి ఓడ నడిపేవాడని అర్థం. మన గోదావరి లాంచీ మీద సరంగు ఉంటాడే, ఆయన. ప్రవాహం లాంచీని ఎటు లాగుతోందో చూసి చుక్కాని తిప్పుతాడు, ఫలితం చూసి మళ్లీ సరిదిద్దుతాడు. ఈ ఫీడ్‌బ్యాకే ఆ శాస్త్రానికి ప్రాణం. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల మీద ఫిరంగి గురి ఎలా కుదరాలన్న లెక్కల్లో ఉండగా వీనర్‌కి దీని విలువ తెలిసింది. జంతువుల నరాల్లోనూ, యంత్రాల్లోనూ జరిగేది ఇదేనని 1948లో పుస్తకం రాశారు.

అప్పట్లో సోవియట్ యూనియన్‌లో ఉన్న కీవ్ సంగతి వేరే కథ. ఆ ఊరి దగ్గర ఫియోఫానియాలో ఇంజనీరు లెబెదేవ్ బృందం 1951 నాటికే మెస్మ్ అనే కంప్యూటర్‌ను పనిచేయించింది. అయినా 1954 నాటి సోవియట్ తత్వశాస్త్ర నిఘంటువు సైబర్నెటిక్స్‌ను అభివృద్ధి నిరోధక కుహనా శాస్త్రమని తిట్టింది. యంత్రం కావాలి, సిద్ధాంతం పేరు మాత్రం ఎత్తకూడదు! మరుసటి ఏడాది సోవియట్ శాస్త్రవేత్తలు సోబొలెవ్, కితోవ్, ల్యాపునోవ్ దాన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాక గాలి మారింది. 1960లో ఆటోమేటిక్ కంట్రోల్ మహాసభకు వీనర్ మాస్కో వెళ్తే, ఆయన మాట వినడానికి జనం విరగబడ్డారు. వాళ్ల నాన్న లియో వీనర్ రష్యా సామ్రాజ్యంలో పుట్టి, హార్వర్డ్‌లో స్లావిక్ భాషలు చెప్పినవారు. ఆ ఇంటి కొడుక్కి అక్కడ అంత ఆదరణ దొరకడం నాకెంతో నచ్చే విషయం.

1962లో గణితవేత్త గ్లుష్కోవ్ నడుపుతున్న కీవ్ కంప్యూటింగ్ సెంటర్ సైబర్నెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ అయింది. మాటకు గౌరవం రాగానే కంప్యూటర్లు, ఆర్థిక ప్రణాళిక, యంత్రానువాదం అన్నీ దాని గొడుగు కిందికి చేరాయి. మీరు చదివినది ఆ విశాలార్థం.

ప్రశ్న: వీనర్ మన దేశానికి వచ్చారా?

జవాబు: వచ్చారండీ. 1955-56లో కొన్ని నెలలు కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు పనిచేసిన చోటే. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్, బ్రిటన్‌లో తయారైన హెచ్‌ఈసీ-2ఎం, 1956లో అక్కడికే వచ్చింది.

అనువాదంలో నేనైతే 'సైబర్నెటిక్స్' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'నియంత్రణ, సమాచార ప్రసారాల శాస్త్రం' అని పక్కన రాస్తాను.