వైరస్ కణాన్ని చంపుతుందా, చావనివ్వదా? (మా అమ్మాయి సున్నా గురించి)

మౌలాలి_నాన్న:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. ఎక్కడో వద్దులెండి. వీక్లీ టెస్టులో "వైరస్ సోకిన కణానికి ఏమవుతుంది?" అని రెండు మార్కుల ప్రశ్న. "కొన్ని వైరస్‌లు తమ ప్రోటీన్లతో కణాన్ని చావకుండా ఆపుతాయి" అని రాసింది. సున్నా వేశారు. కీలో "కణం పగిలి చనిపోతుంది" అని ఉందట. ఎవరు కరెక్ట్?

జువాలజీ_మాస్టారు:
ఇరవై రెండేళ్లుగా ఇంటర్‌కు చెబుతున్నాను. కీ కరెక్టే. పోలియోలో కాలు చచ్చుబడేది వెన్నుపాములోని నాడీకణాలు చనిపోబట్టే కదా.

పిపెట్_పిల్ల:
సార్, అమ్మాయి రాసిందీ నిజమే. వైరస్ దూరగానే కణం చూస్తూ ఊరుకోదు, తనను తానే చంపుకుంటుంది. దొంగ మూట కట్టేలోపే ఇల్లు తగలబెట్టుకున్నట్టు. అదే అపోప్టోసిస్. దాన్ని ఆపడానికి అడినోవైరస్ దగ్గర ఇ1బీ-19కే అనే ప్రోటీన్ ఉంది. మన కణాల్లో చావును అడ్డుకునే బీసీఎల్-2కి ఇది నకలు లాంటిది. మైటోకాండ్రియాకు రంధ్రాలు పెట్టే బ్యాక్స్, బ్యాక్ ప్రోటీన్లను పట్టి ఆపేస్తుంది. గర్భాశయ ముఖ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ది ఇంకో దారి. దాని ఇ6 ప్రోటీన్ కణంలోని ఇ6ఏపీ ఎంజైముతో పీ53 అనే కాపలా ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అనే గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు పడ్డ పీ53ని కణమే ముక్కలు చేసుకుంటుంది. చావమని చెప్పేవాడే పోతాడు.

చాయ్_బిస్కట్:
రెండు మార్కులకు ఇంత లొల్లా

జువాలజీ_మాస్టారు:
"తనను తానే చంపుకోవడం" ఏమిటమ్మా? కణానికి మనసుందా? ఇంటర్ పిల్లల ముందు ఆ మాట నేను వాడను. ఎందుకో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

నాచారం_సుధ:
అపోప్టోసిస్ అంటే గ్రీకులో ఆకులు రాలడం. 1972లో కెర్, వైలీ, కరీ పెట్టిన పేరు. "రాలిపోవడం" అంటే సరిపోతుందిగా.

జువాలజీ_మాస్టారు:
అది బాగుంది.

పిపెట్_పిల్ల:
మాట సంగతి తర్వాత సార్. అడినోవైరస్ మొదట్లో చావును ఆపుతుంది, పని అయ్యాక డెత్ ప్రోటీన్ అనే ఇంకోదానితో కణాన్ని తనే పగలగొడుతుంది. ఎప్పుడు అన్నది ముఖ్యం.

జువాలజీ_మాస్టారు:
పగిలింది కదా! నేనన్నదీ అదే.

పిపెట్_పిల్ల:
హెచ్‌పీవీ పగలగొట్టదు. చర్మం పైపొర కణాలు మామూలుగా రాలుతుంటే వాటితో బయటికొస్తుంది.

మాజీ_స్కాలర్:
రెండు ప్రోటీన్లు అతుక్కున్నాయని చూపిస్తే చాలు, కథ అల్లేస్తారు. నా నాలుగేళ్లు అలాగే పోయాయి. వైరల్ ప్రోటీన్‌ను ప్లాస్మిడ్‌తో (జీన్ మోసే డీఎన్ఏ చుట్ట) కణాల్లో కుమ్మరిస్తే బీసీఎల్-2 కుటుంబం ప్రోటీన్‌కు అతుక్కుంది. అసలు వైరస్ సోకించి చూస్తే, అంత మోతాదూ లేదు, అతుకూ లేదు. ఆ ఫలితం రాయొద్దన్నారు గైడ్. బయటికొచ్చేశాను.

పిపెట్_పిల్ల:
మీ బాధ అర్థమైంది. కానీ అతుకు ఒక్కటే చూసి ఎవరూ నమ్మరు, జీన్ తీసేసి చూస్తారు. 1991లో లోయిస్ మిల్లర్ బృందం చేసిందదే. పురుగులకు సోకే బాక్యులోవైరస్‌లో పీ35 జీన్ చెడిపోతే, అది సోకిన కత్తెర పురుగు కణాలు తొందరగా చచ్చాయి. మన మొక్కజొన్నకు పట్టే కత్తెర పురుగే. తర్వాత తేలింది, అపోప్టోసిస్‌లో కణాన్ని లోపల్నుంచి కోసే కాస్పేజ్ ఎంజైములను పీ35 అడ్డుకుంటుందని.

మాజీ_స్కాలర్:
క్యాబేజీ తినే ఇంకో పురుగు కణాల్లో అదే వైరస్ పీ35 లేకున్నా హాయిగా పెరిగింది. అది చెప్పరేం? నేననేది అదే. ఏ కణమో చెప్పకుండా "వైరస్ ఆపుతుంది" అని రాస్తే సగం అబద్ధం.

పిపెట్_పిల్ల:
"కొన్ని వైరస్‌లు" అని రాసింది అమ్మాయి. మళ్లీ చదవండి.

జువాలజీ_మాస్టారు:
నువ్వు ల్యాబ్‌లో కూర్చుని ఎన్నైనా చెబుతావమ్మా.

పిపెట్_పిల్ల:
అమ్మా అనకండి. నువ్వు అని కూడా అనకండి. ఇరవై రెండేళ్లుగా ఒకే లైను చెప్పినంత మాత్రాన అది సైన్స్ అయిపోదు.

జువాలజీ_మాస్టారు:
సరే, మీరు. మీరు ఎప్పుడైనా ఒక్క సాయంత్రంలో నూట పది పేపర్లు దిద్దారా? ఆ కీ మేం రాయం, పైనుంచి వస్తుంది. కీలో లేని జవాబుకు ఒకసారి మార్కు వేశాను. మెమో ఇచ్చారు. యాభై దాటాక మెమో అంటే ఏమిటో మీకు తెలీదు.

మౌలాలి_నాన్న:
అంటే సార్, మా అమ్మాయి రాసింది తప్పని కాదు, కీలో లేదని సున్నా?

జువాలజీ_మాస్టారు:
తప్పని నేనెప్పుడన్నాను? కీ కరెక్ట్ అన్నాను.

నాచారం_సుధ:
😂

మౌలాలి_నాన్న:
రేపు వెళ్లి అడుగుతా.

జువాలజీ_మాస్టారు:
అడగండి. ఏ వైరసో ప్రశ్నలోనే లేదు, అది పట్టుకోండి. ఆ పీ53 సంగతి కాగితం మీద రాసుకెళ్లండి, నోటితో చెబితే వినరు. నా పేరు మాత్రం చెప్పకండి.

చాయ్_బిస్కట్:
మీ పేరు ఇక్కడ ఎవరికి తెలుసు సార్